గోరు పట్టు, కలం పట్టు

పొద్దు వాలాక వారానికి మూడు రోజులు అయిజలో మా ఇంటి అరుగు మీద తొమ్మిది మంది ఆడవాళ్లు కూర్చుంటారు. పత్తి చేల నుంచి వచ్చి, పొయ్యి పని ముగించుకుని వస్తారు. ఎంత కడిగినా గోళ్ల సందుల్లో ఆకుపసరు పోదు. ఆ చేతులతోనే పలక పడతారు. నాకు వచ్చిన అక్షరాలు నేను చెబుతాను. జీతం లేదు, హాజరు పట్టీ లేదు.

మొదట్లో ఇది ఇంత సాఫీగా సాగలేదు. వాచకం తెరిచి 'అ' నుంచి మొదలుపెట్టాను. మూడో వారానికి సగం మంది రావడం మానేశారు. పగలంతా పని, ఒళ్లు అలిసిపోతోంది కాబోలు అనుకున్నాను. ఒక పెద్దమ్మ ఇంటికి వెళ్లి అడిగాను. "అ అంటే అమ్మ అని మాకు తెల్వదా సారూ? మా లెక్క మాకు చదవనీకి రావాల" అంది. ఆమెకు ఎకరం విత్తన పత్తి ఉంది. విత్తన కంపెనీకీ రైతుకీ నడుమ ఉండే ఆర్గనైజర్ దగ్గర తెచ్చిన పెట్టుబడి, దాని మీద వడ్డీ రాసిన చీటీ బియ్యం డబ్బాలో దాచుకుంది. అందులో ఏముందో మాత్రం ఆమెకు తెలియదు.

మర్నాడు సాయంత్రం ఆమె వెంట చేనికి వెళ్లాను. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న మా నడిగడ్డ విత్తన పత్తికి పేరుపడ్డ నేల. ఆ విత్తనం వెనక ఉన్న పనిని మాత్రం ఇన్నేళ్లూ గట్టు మీద నుంచే చూశాను. దాన్ని క్రాసింగ్ అంటారు. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఇవాళ సాయంత్రమే గుర్తుపట్టాలి. గోటితో రేకలనూ పుప్పొడి తిత్తులనూ ఒలిచెయ్యాలి. లోపలి పిందెకు గీత కూడా పడకూడదు. మర్నాడు పొద్దున్నే మగ చెట్ల పూలు కోసుకొచ్చి ఆ మొగ్గలకు పుప్పొడి అద్దాలి. పూత ఉన్నన్నాళ్లూ రోజూ ఇదే పని.

నా చేతిలో మొదటి మొగ్గలన్నీ చితికిపోయాయి. "గోరు లోతుకు పోనియ్యకు సారూ, పిందె రాలుతది" అంటూ ఆమె నా వేలు పట్టి చూపించింది. పదిసార్లు తప్పినా ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఆ రాత్రి పలక మీద 'వడ్డీ' రాయబోయి డావత్తు దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. నేనూ విసుక్కోలేదు. ఆ ఓపిక చేనులో ఆమె దగ్గర నేర్చుకున్నదే.

అప్పటి నుంచి అరుగు మీద ఒక పద్ధతి పెట్టుకున్నాం. అక్షరం నేర్చుకున్నవాళ్లు తమకు వచ్చింది ఏదో ఒకటి మిగతావాళ్లకు నేర్పాలి. రాయచూరు వైపు నుంచి కోడలిగా వచ్చినామె బస్సు మీది కన్నడ బోర్డు చదవడం నేర్పింది. తలకట్టు తీరు వేరు గానీ అక్షరాలు చాలావరకు తోబుట్టువులే. రాకుండా పోయినవాళ్లు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. ఎన్నో ఏళ్లుగా ఒకే వీధిలో ఉన్నా పలకరింపు లేని రెండు కుటుంబాల ఆడవాళ్లు ఇప్పుడు ఒకే పలక మీద దిద్దుకుంటున్నారు.

2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి మా జోగులాంబ గద్వాల జిల్లాలో అక్షరాస్యత యాభై శాతం కూడా లేదు. రాష్ట్రంలో అన్ని జిల్లాలకన్నా వెనక మేమే. ఆ అంకె నన్ను బాధపెడుతుంది. కానీ అది మాకు రానిదాన్ని మాత్రమే లెక్కపెట్టింది. మీకు ఏమి వచ్చు, ఎవరికి నేర్పగలరు అని మమ్మల్ని ఎవరూ అడగలేదు. తెలంగాణలో కవులే లేరన్న మాట వచ్చినప్పుడు మా జిల్లా ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి ఉన్నవాళ్లను లెక్కపెట్టే పనే చేశారు. ఊరూరా ఉన్న కవుల రచనలు రాబట్టి 1934లో 354 మందితో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. లేరన్నవాళ్లకు అదే జవాబు అయింది.

అరుగు మీద మొదలైన చదువు అరుగు దగ్గరే ఆగదు. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం సాగింది. దూబగుంట ఆడవాళ్లు రాత్రిబడిలో చదువుకుంటూనే ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ కదలిక అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం దాకా వెళ్లింది. అక్షరాల కన్నా ముందు, రోజూ ఒకచోట కూర్చోవడమే వాళ్లకు బలమిచ్చిందని నా నమ్మకం.

పదిహేనేళ్లు నిండిన వాళ్లకు చదువు చెప్పడానికి కేంద్రం 2022లో తెచ్చిన ఉల్లాస్ కార్యక్రమం కూడా స్వచ్ఛంద సేవకుల మీదే ఆధారపడింది. మీరు ఉద్యోగం చేస్తున్నా, కాలేజీలో చదువుతున్నా, రిటైరైనా వారానికి రెండు గంటలు తీయండి. మీ వీధిలో ఒక అరుగు వెతుక్కోండి. పలకలు కొనకముందు ఎదుటివాళ్లను ఒక్క మాట అడగండి: "మీరు నాకు ఏమి నేర్పుతారు?" పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టండి.

పోయిన వారం ఆ పెద్దమ్మ బియ్యం డబ్బాలోని చీటీ తెచ్చి, వడ్డీ ఎంతో తనే చదివి అందరికీ వినిపించింది.