మొదటి గంటలో షిప్ ఎగరదు

‘నో మ్యాన్స్ స్కై’ అనే అంతరిక్ష వీడియో గేమ్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు ఒకటే తొందర. ఎక్కడో పొగలు కక్కుతున్న షిప్ దగ్గరికి పరుగెత్తి, ఎక్కి, ఎగిరిపోవాలి. తీరా ఎక్కాక అది కదలదు. రెండు ఇంజన్లూ పాడై ఉంటాయి. విసుగొచ్చి కొందరు ఇక్కడే ఆట మూసేస్తారు. నాకు మాత్రం ఆట మొత్తంలో రుచికరమైన భాగం ఇదే.

బ్రిటన్‌లోని హలో గేమ్స్ అనే చిన్న సంస్థ 2016 ఆగస్టులో దీన్ని విడుదల చేసింది. అప్పట్లో చెప్పినవన్నీ ఆటలో లేవని తిట్లు తిన్నా, ఏళ్ల తరబడి ఉచితంగా అప్‌డేట్లు ఇస్తూ నిలదొక్కుకుంది. గణిత సూత్రాలతో పుట్టే గ్రహాలు దాదాపు లక్షా 84 వేల కోట్ల కోట్లు. ఆ లెక్క అలా ఉంచండి, ముందు ఉన్న గ్రహం నుంచి బయటపడాలి కదా!

మొదట ఒంటి సంగతి చూసుకోవాలి. మండే ఎండో, విషపు గాలో, రేడియేషనో సూట్ రక్షణను తినేస్తూ ఉంటుంది. దాన్ని నింపేది సోడియం, అది పసుపు పూల మొక్కల్లో దొరుకుతుంది. ఊపిరికి కావలసిన ఆక్సిజన్ ఎర్రటి మొక్కల్లో ఉంటుంది. తుపాను ముంచుకొస్తే గుహలో దూరండి, లేదా షిప్‌లో కూర్చోండి. ఎగరలేకపోయినా అది మనిషిని కాపాడుతుంది.

ఇక మరమ్మతు. అంతరిక్షంలో వేగంగా తీసుకెళ్లే పల్స్ ఇంజన్‌కు ఒక మెటల్ ప్లేటింగ్, ఒక హెర్మెటిక్ సీల్ కావాలి. రాళ్లను చేతిలోని లేజర్‌తో కొడితే ఫెరైట్ డస్ట్ వస్తుంది, 50 పోగైతే ప్లేటింగ్ చేసుకోవచ్చు. సీల్ కోసం ఆట చూపించే గుర్తు వెంట చాలా దూరం నడవాలి. సంచిలో సోడియం లేకుండా ఆ నడక మొదలుపెట్టకండి.

నేల మీంచి లేపే లాంచ్ థ్రస్టర్‌కు డైహైడ్రోజన్ జెల్లీ ఒకటి, ప్యూర్ ఫెరైట్ 50 పడతాయి. నేలలోంచి పొడుచుకొచ్చిన నీలం స్ఫటికాలను కొడితే డైహైడ్రోజన్ దొరుకుతుంది, 40తో జెల్లీ తయారవుతుంది. ప్యూర్ ఫెరైట్ మాత్రం వండుకోవాలి. రిఫైనర్ అనే శుద్ధి యంత్రాన్ని నేల మీద పెట్టి, ఒక గదిలో ఫెరైట్ డస్ట్, ఇంకోదాంట్లో ఇంధనంగా కార్బన్ వేసి బటన్ నొక్కాలి. అంకె మెల్లగా పెరుగుతూ ఉంటుంది. దాని ముందే నిలబడనక్కర్లేదు, ఆలోగా నాలుగు మొక్కలు కొట్టుకురావచ్చు. లేజర్ కూడా కార్బన్‌నే తింటుంది కాబట్టి మొత్తం రిఫైనర్‌కే పోసేయకుండా కొంత దాచుకోండి. సెంటినెల్ అనే కాపలా యంత్రం తలమీద తిరుగుతుంటే తవ్వడం ఆపి, అది వెళ్లిపోయాక మళ్లీ మొదలుపెట్టండి.

ఎగరడం దీనికన్నా తేలిక. గ్రహం మీద షిప్ నేలకు గుద్దుకోకుండా ఆటే చూసుకుంటుంది. వేగం తగ్గిస్తే మలుపు చిన్నదవుతుంది. కొత్తవాళ్లు పూర్తి వేగంతో తిప్పబోయి, దిగాల్సిన చోటు చుట్టూ ప్రదక్షిణలు చేస్తారు. అసలు దుబారా ఇంధనం దగ్గర జరుగుతుంది. మామూలు నేల మీంచి లేచిన ప్రతిసారీ లాంచ్ ఇంధనంలో పావువంతు ఖర్చు. పక్క వీధికి ఆటో ఎక్కినట్టు కొండ కొండకీ ఎగిరితే నాలుగోసారికి ట్యాంకు ఖాళీ. దగ్గర దూరాలు నడవండి. దిగడానికి ల్యాండింగ్ ప్యాడ్ కనిపిస్తే వదలకండి, అక్కడినుంచి లేవడానికి ఇంధనం ఖర్చు కాదు.

పైకి వెళ్లాక పల్స్ ఇంజన్‌కు ట్రిటియం కావాలి. చుట్టూ తేలుతున్న గ్రహశకలాలను కాలిస్తే అదే వచ్చి చేరుతుంది. గమ్యాన్ని సూటిగా ముందు పెట్టుకుని పల్స్ నొక్కితే, చేరడానికి ఎంతసేపు పడుతుందో తెర మీద కనిపిస్తుంది. స్పేస్ స్టేషన్ దగ్గరైతే ద్వారానికి ఎదురుగా వెళ్తే చాలు, అదే లోపలికి లాక్కుంటుంది. సముద్రపు దొంగల్లాంటి పైరేట్లు దారి కాస్తే మాత్రం పల్స్‌తో పారిపోవడం కుదరదు, తిరిగి కాల్చడానికి సిద్ధంగా ఉండండి.

స్టేషన్‌లో మెరిసే షిప్‌లు చూసి నోరూరుతుంది, ధర చూస్తే గుండె ఆగుతుంది. డబ్బు లేనివాళ్లకు వేరే దారి ఉంది. గ్రహాల మీద కూలిపడ్డ షిప్‌లు కనిపిస్తుంటాయి. వాటిని పైసా ఇవ్వకుండా సొంతం చేసుకోవచ్చు. వాటిలోనూ ముందు బాగు చేయాల్సినవి ఆ రెండు ఇంజన్లే. మిగతా పాడైన అరలను తీరిగ్గా చూసుకోవచ్చు. అందుకే సీల్స్, ప్లేటింగ్ రెండేసి ఎప్పుడూ సంచిలో ఉంచుకోండి.