చుక్కకు చిరునామా

1962 జూన్ 18 అర్ధరాత్రి వేళ న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ నుంచి ఒక చిన్న రాకెట్ లేచింది. రికార్డో జియాకోనీ బృందం అందులో అమర్చిన గైగర్ గొట్టాలు ఆకాశాన్ని చూసింది కొద్ది నిమిషాలే. ఆ కాసేపట్లోనే వృశ్చికరాశి వైపు నుంచి ఎక్స్ కిరణాలు దండిగా వస్తున్నాయని తేలింది. ఏ చుక్క నుంచి? ఊరు తెలిసింది కానీ ఇల్లు తెలియలేదు.

ఆ ఇల్లు దొరకడానికి దాదాపు నాలుగేళ్లు పట్టింది. జపాన్ శాస్త్రవేత్త మినోరు ఓడా సన్నని తీగల వరసలను ఒకదాని వెనక ఒకటి నిలిపి ఒక పరికరం కనిపెట్టాడు. అది కదిలేకొద్దీ కిరణాలు ఒకసారి ఆగుతాయి, ఒకసారి లోపలికి వస్తాయి. ఆ వరసను బట్టి దిక్కు లెక్కకడతారు. 1966లో దాన్ని రాకెట్‌లో పంపితే వెతకవలసిన చోటు రెండు చిన్న గళ్లకు తగ్గింది. అంతటితో ఆగలేదు. ఎక్స్ కిరణాల వర్ణపటాన్ని మామూలు వెలుగు దాకా పొడిగించి, అక్కడ నీలి ఛాయతో, సుమారు 13వ ప్రకాశ పరిమాణంలో ఒక చుక్క ఉండాలని ముందే లెక్క తేల్చారు. టోక్యో ఖగోళశాలవారు, ఆ వెంటనే పాలోమార్ వారు చూస్తే అలాంటి చుక్కే కనబడింది. దొరికినదాన్ని సమర్థించుకోవడం కాకుండా, ఏది దొరకాలో ముందు చెప్పి వెతకడం! ఈ విద్యలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

మసక మూలాల దగ్గరికి వచ్చేసరికి పని కఠినమవుతుంది. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న చంద్ర ఎక్స్ కిరణాల టెలిస్కోప్ 1999 నుంచి ఆకాశంలో ఉంది. ఫోర్నాక్స్ నక్షత్రరాశిలో ఒకే చోటును అది విడతల వారీగా మొత్తం 70 లక్షల సెకన్లు, అంటే సుమారు 81 రోజులు చూసింది. పున్నమి చంద్రబింబంలో మూడింట రెండొంతులంత మేరలో 1,008 మూలాలు తేలాయి. అదే మేరలో హబుల్ చిత్రాల్లో కనిపించే గెలాక్సీలు వేలకు వేలు. అందుకే దగ్గరగా ఉన్నదాన్నల్లా సొంతదారు అనుకోకూడదు.

ఇక్కడ అక్కరకొచ్చేది సంభావ్యతల నిష్పత్తి. ఎక్స్ కిరణాల స్థానంలో పొరపాటు ఎంతో చూసి, ఈ దూరంలో అసలు జోడీ, అంటే ఆ కిరణాలను నిజంగా పంపుతున్న, మామూలు వెలుగులో కనిపించే చుక్క లేదా గెలాక్సీ, ఉండే అవకాశం లెక్కిస్తారు. అంతే మసకగా ఉండే గెలాక్సీ ఏ సంబంధమూ లేకుండా అక్కడ ఉండే అవకాశాన్నీ లెక్కిస్తారు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తారు. ప్రకాశవంతమైన గెలాక్సీలు అరుదు కాబట్టి, పక్కనే ఒకటి ఉంటే కాకతాళీయం కాదనవచ్చు. మరీ మసకవి కిక్కిరిసి ఉంటాయి, వాటిని నమ్మడానికి ఇంకా గట్టి రుజువు కావాలి. ఆ తర్వాత ఎక్స్ కిరణాల తీవ్రతను మామూలు వెలుగుతో పోలుస్తారు. సాధారణ నక్షత్రాల్లో ఎక్స్ కిరణాల వాటా చాలా తక్కువ. కృష్ణబిలం వాయువును మింగుతున్న గెలాక్సీల్లో బాగా ఎక్కువ. చివరికి వర్ణపటం తీస్తే దూరమూ తెలుస్తుంది. కొన్ని మూలాల దగ్గర హబుల్‌కూ ఏమీ కనిపించదు. ధూళి చాటున, మహాదూరంలో ఉన్న అలాంటి గెలాక్సీలు పరారుణ చిత్రాల్లో బయటపడతాయి.

ఇంత శ్రమ దేనికంటే, 1962 నాటి రాకెట్టే ఆకాశమంతటా పరుచుకున్న ఎక్స్ కిరణాల వెలుగునూ పసిగట్టింది. అది దేనిదో మూడు దశాబ్దాలకు పైగా తేలలేదు. సప్తర్షి మండలంలో మన గెలాక్సీ వాయువు పలచగా ఉన్న లాక్‌మన్ హోల్ వైపు రోసాట్ ఉపగ్రహం చూసింది. ఆ వెలుగులోని తక్కువ శక్తి కిరణాల్లో 70 నుంచి 80 శాతం విడివిడి చుక్కలుగా తేలాయి. ఆ చుక్కల జోడీలను కెక్ టెలిస్కోప్‌తో ఒక్కొక్కటే పరిశీలిస్తే, అత్యధికం భారీ కృష్ణబిలాలున్న గెలాక్సీలు. జోడీలు వెతకకపోతే మనకు మిగిలేది చుక్కల పట్టిక మాత్రమే.

2024 జనవరిలో వెలువడిన ఈరోసిటా ఎక్స్ కిరణాల టెలిస్కోప్ తొలి ఆకాశ సర్వే పట్టికలో సుమారు 9 లక్షల మూలాలున్నాయి. 2015లో శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం ఒకే లక్ష్యాన్ని ఎక్స్ కిరణాల్లోనూ, అతినీలలోహిత కాంతిలోనూ ఒకేసారి చూసేలా తయారైంది. ఈ రెండింటి సమాచారమూ అందరికీ అందుబాటులో ఉంది. భౌతికశాస్త్రం చదివే మన పిల్లలు ఒక్క చుక్కనైనా తీసుకుని దాని చిరునామా వెతికి చూడాలి.