నురగ పది నిమిషాలు ఆగాలి

"గట్టి ఇంజెక్షన్ ఏదైనా వేసేయండి సార్!" ఒళ్లంతా చీముపొక్కులతో ఉన్న కుక్కను తెచ్చినవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. అప్పటికే రెండు మూడు రకాల యాంటీబయాటిక్ మాత్రలు వాడేసి ఉంటారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలవుతుంది. కల్చర్ పరీక్ష చేయిస్తే చాలా మందులకు లొంగని మొండి బ్యాక్టీరియా అని తేలుతుంది. అప్పుడు నేను షాంపూ రాసిస్తే మొహం చిన్నబుచ్చుకుంటారు.

ఆ షాంపూ మీద నాకు గట్టి నమ్మకం. కుక్కల చర్మంమీద కాపురముండే స్టెఫైలోకాకస్ సూడింటర్మీడియస్‌ను 2005లో విడి జాతిగా గుర్తించారు. అందులో 'మెక్-ఎ' జన్యువున్న రకాలకు పెన్సిలిన్, సెఫలెక్సిన్ కోవ మందులు పనిచేయవు. షాంపూలో ఉండే క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మందు ముందు మాత్రం ఆ జన్యువు ఆటలు సాగవు. 2 శాతం షాంపూలో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. ల్యాబులో ఈ క్రిమి పెరగకుండా ఆపడానికి సాధారణంగా అందులో వెయ్యోవంతు కూడా అక్కర్లేదు. 2025 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా పైచర్మపు చీముపొక్కులకు ముందు పైపూత వైద్యమే చేయమన్నాయి. పుండు లోతుకు దిగితే సంగతి వేరు, మాత్రలు తప్పవు.

చిక్కంతా స్నానం చేయించే తీరులోనే. గోరింటాకు పెట్టిన వెంటనే కడిగేస్తే పండుతుందా? ఇదీ అంతే. ముందు గోరువెచ్చటి నీళ్లతో వెంట్రుకల కుదుళ్ల దాకా తడపాలి. పొట్ట, గజ్జలు, చంకలు, వేళ్ల సందులు ముందు చూసుకోవాలి. వీపు సంగతి తర్వాత. నురగ చర్మానికి తగిలేలా వేళ్ల కొసలతో నెమ్మదిగా పట్టించి, గడియారం చూసి పది నిమిషాలు ఆగాలి. కుక్క విదిలించుకుంటుంది, నాకబోతుంది. అందుకే ఇంకో మనిషి పక్కనుండి దాన్ని మాటల్లో పెట్టాలి. కళ్లలోకి, చెవుల్లోకి మందు పోనివ్వకూడదు. వారానికి రెండు మూడుసార్లు ఇలా చేయాలని చీటీమీద రాసి ఊరుకోను, ఒక కాలికి నేనే పట్టించి చూపిస్తాను.

స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్లను మెడికల్ షాపులో అడిగి కొనేస్తున్నారు, అదే నా బాధ. ఎరుపూ దురదా తగ్గుతాయి, క్రిములు మాత్రం ఉంటాయి. వాడేకొద్దీ చర్మం పలచబడుతుంది. పైగా పూసింది పూసినట్టే కుక్క నాకేస్తుంది.

రెండు మూడు వారాలకు మళ్లీ రమ్మంటాను. పొక్కు దగ్గర గాజు పలక అద్ది, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూస్తాను. వెనక అలర్జీయో థైరాయిడ్ లోపమో ఉంటే దానికీ వైద్యం చేయాలి. అలర్జీ కుక్కలకైతే, పొక్కులు మానాక కూడా వారానికోసారి ఈ స్నానం మానొద్దంటాను.