సాక్ష్యం పూర్తిగా వినకముందే

భోపాల్ కేసు అనగానే 2010లో పడిన రెండేళ్ల శిక్షనే అందరూ తప్పుపడతారు. అసలు తప్పు 1996లోనే జరిగింది. వేలమందిని చంపిన విషవాయువు కేసులో కింది కోర్టు 304 రెండో భాగం కింద అభియోగం మోపింది. దానికి పదేళ్ల వరకు జైలు. హైకోర్టూ సరేనంది. విచారణ ముగియకముందే సుప్రీంకోర్టు దాన్ని నిర్లక్ష్యానికి, అంటే 304-ఎ సెక్షన్‌కు దించింది. దానికి అప్పట్లో గరిష్ఠ శిక్షే రెండేళ్లు.

సాక్ష్యాన్నిబట్టి అభియోగం మార్చడానికి ఆ తీర్పు అడ్డుకాదని 2011లో అదే కోర్టు చెప్పింది. అప్పటికే శిక్ష పడిపోయింది. విచారణ మధ్యలో పైకోర్టు అన్యాయాన్ని ఆపవచ్చు గానీ, సాక్ష్యం వినకుండా నేరాన్ని తూచకూడదు.

రేపు మన వాగులో విషం కలిసి కేసు నడిస్తే, తీర్పుదాకా ఆగకండి. అభియోగంలో ఏ సెక్షన్ రాశారో ముందే చదవండి.