తోలు ఎరిగిన దర్జీ
ముంబై ధారావిలో మంచి జాకెట్ దర్జీ ముందు టేపు తీయడు, "బండి నడుపుతారా?" అని అడుగుతాడు. నడిపేవాళ్లకు మందమైన గేదె తోలు, లేదంటే గీతలకు ఓర్చుకునే మేక తోలు. ఊరికే వేసుకు తిరిగేవాళ్లకు మెత్తని గొర్రె తోలు. తర్వాత తోలును వెలుతురుకు వాలుగా పట్టి, వేళ్లతో తడిమి, ముళ్ల గీతలు, పిడుదు కాట్ల మచ్చలు వెతుకుతాడు. బిగువైన వీపు తోలు ఛాతీకి. సాగే పొట్ట తోలు కనపడని చోటికి. సూది గుచ్చిన రంధ్రం తోలులో మళ్లీ పూడదు, అందుకే గుండుసూదులుండవు, క్లిప్పులే. కుట్టు తప్పితే విప్పినా చుక్కల వరస అలాగే ఉండిపోతుంది. ఇంత గుండెదిటవు నూలు బట్ట కుట్టేవాళ్లకు అక్కర్లేదు! మడతలకు జిగురు రాసి సుత్తితో అణుస్తాడు. చేతులు మాత్రం కాస్త పొడుగ్గానే ఉంచుతాడు. మోచేతి దగ్గర ముడతలు పడ్డాక చేతులు పైకి జరుగుతాయి. పొడుగెక్కువైందని మొదటి రోజే కోయించకండి.