గోడకు తగిలిన బంతి: ఒక లెక్కలోని లోపము

పాఠ్యపుస్తకములలో ఇట్టి లెక్క కనబడుచుండును: 0.15 కిలోగ్రాముల బంతి సెకనుకు 12 మీటర్ల వేగముతో గోడకు లంబముగా తగిలి, అదే వేగముతో వెనుకకు మరలినది, సగటు బలమెంత? స్పర్శకాలము చెప్పనిదే దీనికి జవాబు లేదు. అది 0.01 సెకను అనుకొందము. ద్రవ్యవేగము 1.8 నుండి −1.8 కి మారినది, మార్పు 3.6, బలము 360 న్యూటన్లు. విద్యార్థి సున్న అని వ్రాసినచో తప్పంతా అతనిది కాదు. నల్లబల్లపై రెండు బాణపుగుర్తులకు ఎంత సుద్ద కావలెను!

అంతకన్న పెద్ద చిక్కు "సగటు" అను మాటలో ఉన్నది. బలము సున్నతో మొదలై, పెరిగి, మరల సున్నకు దిగును. సైన్ వక్రపు అర్ధభాగమువలె మారినదనుకొన్న, గరిష్ఠబలము సుమారు 565 న్యూటన్లు. గోడ పెచ్చు ఊడునా అన్నది తేల్చునది ఇదియే. లెక్క దానిని అడుగనే అడుగదు.

వేగమును రెట్టింపు చేసి, కాలమును మార్చకుండుట మరియొక అలవాటు. ఘనగోళముల అభిఘాతమునకు హెర్ట్జ్ 1882లో ప్రకటించిన సిద్ధాంతము ప్రకారము అప్పుడు స్పర్శకాలము 13 శాతము తగ్గును. సగటు బలము రెండు కాదు, 2.3 రెట్లగును.