మెర్జ్ వాక్యం: ఒక విమర్శనాత్మక పరిశీలన

రెండు వేర్వేరు డేటాబేసులలోని పట్టికలను ఒకే స్థితికి తేవడానికి సాధారణంగా సూచించే వాక్యం మెర్జ్. ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో ఇది 2003లో చేరింది. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2008 వెర్షన్ నుండి, పోస్ట్‌గ్రెస్‌లో 2022 నాటి 15వ వెర్షన్ నుండి ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో లేదు, అక్కడ ఇన్సర్ట్‌కు ఆన్ డూప్లికేట్ కీ అప్‌డేట్ జోడించి సరిపెట్టుకోవాలి.

మూల పట్టికలోని వరుస లక్ష్య పట్టికలో ఉంటే సవరించడం, లేకపోతే చేర్చడం అనే పనులను మెర్జ్ ఒకే వాక్యంలో చేస్తుంది. మధ్యలో విఫలమైతే మొత్తం పని రద్దవుతుంది. మూలంలోని రెండు వరుసలు లక్ష్యంలోని ఒకే వరుసను మార్చబోతే దోషం చూపి ఆగిపోతుంది. కొందరికి ఇది విసుగు కలిగిస్తుంది గాని, నిజానికి ఇది మెర్జ్‌లోని మంచి గుణం.

చిక్కంతా మూలంలో లేని వరుసల దగ్గరే ఉంది. ఒక విశ్వవిద్యాలయ ప్రధాన కార్యాలయంలోని పరీక్ష ఫీజు పట్టికలో అన్ని అధ్యయన కేంద్రాల విద్యార్థుల వివరాలు ఉన్నాయనుకుందాం. ఒక కేంద్రం తన పట్టికను పంపింది. అక్కడ రద్దయిన దరఖాస్తులు ఇక్కడా పోవాలని ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో వెన్ నాట్ మ్యాచ్డ్ బై సోర్స్ దెన్ డిలీట్ అని రాశారు. వాక్యం ఏ దోషమూ చూపకుండా నడుస్తుంది. మిగతా కేంద్రాల వరుసలన్నీ తొలగిపోతాయి. ఫీజు కట్టిన విద్యార్థికి హాల్ టికెట్ రాదు.

కేంద్రం కోడ్‌ను ఆన్ షరతులో చేర్చితే సరిపోతుందని మీకు తోచవచ్చు. సరిపోదు. ఇతర కేంద్రాల వరుసలు అప్పుడు కూడా జతకావు కాబట్టి తొలగిపోతూనే ఉంటాయి. ఆ షరతు తొలగింపు నిబంధనలోనే, మ్యాచ్డ్ బై సోర్స్ తరువాత అండ్‌తో రావాలి.

అప్పటికీ ఒక ప్రశ్న మిగులుతుంది. వరుస కనబడకపోవడానికి కారణం దరఖాస్తు రద్దు కావడమా, ఫైలు సగమే చేరడమా? మెర్జ్‌కు ఈ తేడా తెలియదు. పాఠ్యగ్రంథాలలోని ఉదాహరణలు నాలుగైదు వరుసల పట్టికలు. అక్కడ మూలం ఎప్పుడూ సంపూర్ణమే, అందుకే ఈ లోపం బయటపడదు. చివరిగా మార్చిన సమయాన్ని బట్టి వరుసలు ఎంచే పద్ధతికీ ఇదే బలహీనత ఉంది: తొలగించిన వరుసకు సమయం చూపే గడి మిగలదు.

కాబట్టి కేంద్రం ఆ వరుసను తొలగించకుండా, స్థితి అనే గడిలో రద్దు అని రాసి పంపడం మేలు. అప్పుడు రద్దు కూడా ఒక సవరణగానే ప్రధాన కార్యాలయానికి చేరుతుంది, మెర్జ్‌లో డిలీట్ అవసరమే ఉండదు. పట్టిక కొంత పెరుగుతుంది, ప్రతి నివేదికలోనూ స్థితిని పరిశీలించాల్సి వస్తుంది. అయినా ఒక విద్యార్థి పేరు ఎప్పుడు, ఎందుకు జాబితాలో లేకుండా పోయిందో వెతికి చూపడానికి ఆ వరుస ఉంటుంది.